మిల్లు ఆఫీసు మెట్లమీద ఒక హాఫ్‌బ్యాక్

ఇప్పుడు ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ అంటున్నారు. టీవీలో ఆ మాట వినపడినప్పుడల్లా నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటాను. మా రోజుల్లో మమ్మల్ని హాఫ్‌బ్యాక్ అనేవారు, ముద్దుగా హాఫ్. మీవాడు బంతాటలో ఏటి ఆడతాడు అని ఎవరైనా అడిగితే, మా అమ్మ "హాఫ్" అని చెప్పేది. విన్నవాళ్ళు జాలిపడి, "పోన్లేమ్మా, ఇంకా సిన్నోడే కదా" అని ఓదార్చి వెళ్ళేవారు.

హాఫ్ పని చాలా సులువుగా చెప్పొచ్చు. వెనకవాళ్ళు ఆపిన బంతిని తీసుకుని ముందువాళ్ళకి అందించాలి. ఆపినవాడికి చప్పట్లు, గోల్ కొట్టినవాడికి దండలు, మధ్యలో వాడికి ఆయాసం. ఈ పని నాకు ఏ మేష్టారూ నేర్పలేదు. శ్రీకాకుళం బజారులో మాది ఇత్తడి, కంచు పాత్రల కొట్టు. ముందు గల్లాపెట్టె దగ్గర నాన్న, వెనక గోదాంలో చిన్నాన్న, మధ్యన నేను. నాన్న వెనక్కి తిరగకుండానే "పెద్ద బిందె" అని చెయ్యి చాపేవాడు. ఆ చేతిలోకి బిందె వచ్చి పడాలి. ఒక్కోసారి అడగకుండానే పడాలి. పొందూరు నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు నోటితో గంగాళం అడుగుతూ కళ్ళతో చెంబులవైపు చూస్తుంటే, చెంబులు ముందుగా పంపాలి. అలా పదేళ్ళు పంపాను. ఆ తర్వాత హైస్కూలు మైదానంలో బంతి పంపడం నాకు కొత్తగా అనిపించలేదు. బంతి అయితే కిందపడినా సొట్టపోదు.

మా అమ్మవైపు, నాన్నవైపు అందరూ కొట్లవాళ్ళే. మా ఇంట్లో రెండో గరిటె పప్పుకి కూడా బేరమే. ఆ బుద్ధి నాతోపాటు మైదానంలోకి వచ్చింది. రిఫరీ ఫౌల్ ఇస్తే తక్కినవాళ్ళు అరిచేవారు. నేను చేతులు కట్టుకుని దగ్గరికి వెళ్ళి, "ఫౌలే బాబూ, కాదన్ను. కానీ ఇక్కడ కాదు కదా, నాలుగు గజాలు అటేసుకోండి" అనేవాణ్ణి. సగంసార్లు రెండు గజాలైనా జరిపేవారు.

అరవైల చివర్లో ఒక ఏడాది, మా బజారు జట్టు విజయనగరం వెళ్ళి అక్కడికి దగ్గర్లో ఉన్న జూట్ మిల్లు జట్టుతో ఆడింది. వాళ్ళకి బూట్లు, మాకు కాళ్ళు. రెండు గోల్స్‌తో ఓడిపోయాం. ఆట అయ్యాక మిల్లు లేబర్ ఆఫీసరు నా దగ్గరికి వచ్చారు. మిషన్ బడిలో చదువుకుని, అక్కడే బంతి ఆడి పెరిగిన పెద్దమనిషి. చర్చికి వెళ్ళే తెల్ల బట్టలతోనే మైదానం పక్కన నిలబడి మిల్లు జట్టుని నడిపేవారు. "సోమవారం ఆఫీసుకి రా. ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా వెంటబెట్టుకురా" అన్నారు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రోజుల్లో బంతి ఆడినందుకు మా ప్రాంతంలో ఎవరూ జీతం ఇచ్చేవారు కాదు. మిల్లులో ఉద్యోగం ఇచ్చి బంతి ఆడించుకునేవారు. బంతినే నమ్ముకుని బతకాలంటే మావైపు ఉన్నది అదొక్కటే దారి.

నాన్న బిందె తుడుస్తూ అంతా విన్నాడు.

"వాళ్ళే పిలిచి ఇస్తానంటే ఎల్లు. ఒద్దన్ను. కానీ మనం దేహీ అని అడగకూడదు. అడిగి తెచ్చుకున్నావని తెలిస్తే మాత్రం ఆ బంతి మాట మరి కొట్లో ఎత్తకు. మూసుకుని కూకోవాలి."

అమ్మవైపు చూశాను. అమ్మ తన తమ్ముడివైపు చూసింది. ఆ తమ్ముడు, అంటే మా మావ, ఇనపసామాన్ల కొట్టు యజమాని, బజారు మొత్తంలో బేరానికి పేరుపడ్డవాడు. నాతో రావడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, పొందూరు పంచె ఇస్త్రీ చేయించి, పండక్కి వెళ్తున్నట్టు బయల్దేరాడు.

బస్సులో నాకు పాఠం చెప్పాడు. పాఠం నాకు ముందే వచ్చు. మా కొట్టుకి మూడు మెట్లు. ధర నచ్చనట్టు లేచిన మనిషి మొదటి మెట్టు దిగితే నాన్న పట్టించుకోడు. రెండో మెట్టుకి గొంతు సవరిస్తాడు. మూడో మెట్టుమీద కాలు పెట్టగానే, "అలాగెల్లిపోతే ఎలాగండీ, రండి" అంటాడు. కొనేవాడికీ ఇది తెలుసు. అందుకే మూడో మెట్టుమీద చెప్పు సరిచేసుకుంటాడు. మా బజారులో ఇలా జరగని బేరం నేను చూడలేదు.

"ఒరే అల్లుడూ, ఆయనేటి సెప్పినా నువ్వు మొహం మాడ్సు. నేను నవ్వుతాను. నేను లేస్తే నువ్వూ లే. మెట్లు దిగుదుం. పిలుస్తాడు."

"పిలవకపోతే మావా?"

"పిలవకపోవడమేటి? మనిషి కాడా?"

ఆఫీసరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, ఉన్నమాట చెప్పారు. గోగునార తూచే షెడ్డులో పగటి షిఫ్టు. సాయంత్రం ప్రాక్టీసు. ఏడాదికి ఒక జత బూట్లు. ఆటలున్న రోజుల్లో గుడ్డు, పాలు. ఉండడానికి మిల్లు లైన్లలో, అంటే పనివాళ్ళ ఇళ్ళ వరసల్లో, ఒక గది, ఇంకొకరితో కలిసి.

నా మనసు అప్పటికే ఆ గదిలో చాప పరుచుకుంది. అయినా నేర్చిన విద్య కనక మొహం మాడ్చాను. మావ నవ్వాడు.

"బూట్లు ఒక్క జతేనా బాబూ? మావోడు పరుగెడితే భూమి అరుగుతాది. గదిలో ఇంకొకడా? ఇలాగైతే మాకు కుదర్దు. లేరా."

లేచాం. మిల్లు ఆఫీసుకి మెట్లు ఏడు. మావ ప్రతి మెట్టుమీదా ఆగాడు. మొదటి మెట్టుమీద చుట్ట వెతుక్కున్నాడు. రెండోదానిమీద దొరికింది. మూడోదానిమీద పంచె సర్దుకున్నాడు. నాలుగో మెట్టుమీద నాతో గట్టిగా, లోపలికి వినపడేలా, "ఇసాపట్నంలో ఎవులో అడుగుతన్నారన్నావు కదరా?" అన్నాడు. నన్ను విశాఖపట్నంలో అడిగినవాడు బస్సు కండక్టరు ఒక్కడే, టిక్కెట్టు కోసం. ఐదు, ఆరు కూడా అయిపోయాయి. ఏడో మెట్టుమీద నేను చెప్పు సరిచేసుకుందామని వంగాను. చెప్పుల్లేవు. వట్టి వేళ్ళు సరిచేసుకుని లేచాను.

లోపలినుంచి టైపు మిషను టకటక తప్ప ఇంకేమీ వినపడలేదు.

గేటు దాటి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాం, ఆఫీసు గుమ్మం కనపడేలా. టీ తాగాం. మళ్ళీ తాగాం. ఒక వాన వచ్చి వెలిసింది. గుమ్మంలోంచి ఒక బంట్రోతు బయటికి వస్తే ఇద్దరం తలలు పక్కకి తిప్పుకుని కూర్చున్నాం, మాకు అక్కర్లేనట్టు. అతను గోడ పక్కకి వెళ్ళి పని చూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

టీ కొట్టు ముసలమ్మ చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతూ మమ్మల్ని చాలాసేపటినుంచి చూస్తోంది.

"ఎవుల్రా మీరు? ఏటి సూస్తన్నారు అలాగ?"

మావ విషయం చెప్పాడు. ఆవిడ విరగబడి నవ్వింది.

"ఆయనతోటి బేరమేట్రా! కుదర్దంటే కుదర్దనే రాసీసుకుంటాడు. ఇరవయ్యేళ్ళ నుంచి టీ ఇస్తన్నాను, ఎప్పుడూ ఇంకొంచెం పొయ్యమన్లేదు. పోసినా తాగడు. అయినా మీరిటు రాగానే ఎనక గుమ్మం నుంచి బొబ్బిలి కుర్రోడికి కబురెట్టేరు. ఆడూ మీవోడి ఆటే ఆడతాడంట. అన్న దగ్గర లైన్లలోనే ఉన్నాడు."

గ్లాసు కింద పెట్టేశాను. లేచాను. మావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, తిరిగెల్తే మన పరువేటవుద్ది? మీ నాన్నకేటి సెప్పుదుం?"

"పరువు కొట్లో ఉంది మావా. నాకు బంతి కావాలి" అన్నాను. చెయ్యి విడిపించుకుని గేటు దాటాను. ఏడు మెట్లూ ఎక్కడానికి దిగినప్పటికంటే తక్కువసేపు పట్టింది.

"కుదర్దన్నారు కదా?" అన్నారు ఆఫీసరుగారు తలెత్తి. ఆ గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు, నిజంగానే అడిగారు. మేము చేసింది బేరమని ఆయనకి తెలియనే లేదు.

"కుదురుతుందండి. ఇప్పించండి" అన్నాను. నాన్న వద్దన్న మాటే నోటినుంచి వచ్చింది.

"ఇంకో కుర్రాణ్ణి రమ్మన్నాను. ఉన్నది ఒక్క ఖాళీ. షిఫ్టు కూత అయ్యాక మైదానానికి రా. ఇద్దరూ ఆడండి, చూస్తాను."

పొద్దున్న చేతిలో పెట్టిన దాన్ని సాయంత్రం పరుగెత్తి సంపాదించుకోవాలి. మా మావ బేరం వల్ల నాకు ఒరిగింది అదీ.

మిల్లు ఆటగాళ్ళని రెండు జట్లు చేసి మా ఇద్దర్నీ చెరోవైపు వేశారు. బొబ్బిలి కుర్రాడు నాకంటే జానెడు పొడుగు. ఎదుటి జట్టులో నిలబడి నన్ను చూసి నవ్వాడు. మైదానం వానకి బురదైపోయింది. నాకు బంతి వచ్చింది. ఎడమపక్క ఒకడు ఖాళీగా ఉన్నాడు. ఉండనీ, ఇంతకంటే మంచివాడు దొరుకుతాడేమో అని కాలికింద ఆపాను. కుడిపక్క ఒకడు చెయ్యెత్తాడు. ఇంకాస్త చూద్దాం అనుకున్నాను. ఈలోగా బొబ్బిలి కుర్రాడు వచ్చి బంతి పట్టుకుపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి బంతితోపాటు నన్నూ బురదలో పడేసి పోయాడు.

గట్టుమీదినుంచి ఆఫీసరుగారి కేక వినపడింది. "ఒరే పాత్రల కొట్టూ! అదేం నీ సరుకా, దాచుకోడానికి? పంపరా!"

బురదలో కూర్చుని ఆ మాట విన్నాను. నిజమే కదా. మా కొట్లో బిందెని ఒక్క క్షణమైనా నేను చేతిలో ఉంచుకున్నానా? బేరమాడేది నాన్న. నా పని చూడడం, పంపడం. ఇక్కడికి వచ్చి నాకు నేనే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. లేచి బురద తుడుచుకోకుండా పరుగెత్తాను. ఆ తర్వాత బంతి నా కాలికి తగలడం, వెళ్ళిపోవడం, రెండూ ఒకటే అయ్యాయి. బొబ్బిలి కుర్రాడు నా దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. తొమ్మిదేళ్ళు మిల్లుకి ఆడాను, కటకం దాకా వెళ్ళి ఆడాను, ఒక మోకాలు అరగదీసుకున్నాను. ఎక్కడ ఆడినా నా ఆట మాత్రం ఆ అరగంటలో తెలుసుకున్నదే.

చీకటి పడబోతుండగా ఆఫీసరుగారు ఇద్దర్నీ పిలిచారు.

"నీ కాలు మంచిది" అన్నారు బొబ్బిలి కుర్రాడితో. "వచ్చే ఏడు ఖాళీ వస్తుంది. తప్పకుండా రా." నావైపు తిరిగారు. "నీకు చూపు ఉంది. పొద్దున్న చెప్పినవే. షెడ్డు, ఒక జత బూట్లు, గుడ్డు..."

"కుదురుతుందండి" అన్నాను, ఆయన పాల దాకా రాకముందే.

"గుడ్డు రెండైతే..." అని గట్టుమీద మావ మొదలెట్టాడు. ఆఫీసరుగారి ముందే ఒక చేత్తో మావ నోరు మూసి, రెండో చేత్తో పంచె పట్టి వెనక్కి లాగాను. ఆ పొందూరు పంచెమీద నా అయిదు వేళ్ళ బురద చాన్నాళ్ళు ఉండిపోయింది. ఆఫీసరుగారు అన్నట్టుగానే బొబ్బిలి కుర్రాడు మరుసటేడు వచ్చాడు. నా గదిలో ఆ ఇంకొకడు అతనే.

మేము శ్రీకాకుళం చేరేసరికి నాన్న కొట్టు కట్టేస్తున్నాడు. దారి పొడుగునా మావ చెప్పాల్సిన కథ కుట్టుకుంటూనే వచ్చాడు. మెట్టెక్కుతూనే అందుకున్నాడు.

"సూడాల్సింది బావా! మాకు కుదర్దని లేసొచ్చీసేం. ఏడు మెట్లు దిగేం. ఆయన ఎనకాతలే గేటు దాకా పరుగు! ఎల్లకండి బాబూ, మీవోడు లేకపోతే మా జట్టేటైపోద్ది అని ఒకటే బతిమాలడం."

నాన్న దీపం కాస్త కిందికి దించి నన్ను తలనుంచి పాదాల దాకా చూశాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద.

"ఆయన పరుగెడితే బురద ఈడి కాళ్ళకున్నాదేటి బామ్మర్దీ?"

మావ రెప్ప వెయ్యలేదు. "పెద్దాయన పరుగెడతంటే ఈడు నిలబడి సూస్తాడా? ఎదురెల్లేడు. మర్యాద తెలిసినోడు కదా."

నాన్న మూతి బిగించాడు. ఆ బిగింపు వెనక నవ్వుందో కోపముందో నాకు తెలియలేదు. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. నన్ను ఒక్క ముక్క అడిగితే చాలు, నిజం చెప్పేసేవాణ్ణి. ఆయన అడగలేదు. వరసగా తలుపు చెక్కలు పెట్టుకుంటూ వెళ్ళి, ఆఖరి చెక్క దగ్గర ఆగాడు.

"ఎప్పుడెల్లాలి?"

"రేపే నాన్నా."

"రేపు కుదర్దు. ఎల్లుండెల్లు. అంత బతిమాలినోళ్ళు ఒక రోజు ఆగలేరేటి?" అని తాళం వేశాడు.

మర్నాడు తెల్లవారకముందే, మొదటి బస్సుకి టైమవుతోందని నన్ను తట్టి లేపింది నాన్నే.