గుమ్మం బయట కుజ్మాన్

మా ఊళ్ళో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా కుజ్మాన్‌కే కబురు పెడతారు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు అతను అందరికీ కావాలి. మిగిలిన ఆ ఒక్కరోజు, డిసెంబరు ఇరవైన, ఇగ్నాత్ పండగ నాడు, అతను ఎదురొస్తే వీధి మారిపోతారు. ఆ పొద్దున ఇంట్లోకి మొదట అడుగుపెట్టిన మనిషి పాదాన్ని బట్టే ఏడాదంతా నడుస్తుంది. కుజ్మాన్‌ది ఐరన్ లెగ్ అని త్రోయాన్ ఊరు ఊరంతా ఎప్పుడో తేల్చేసింది.

పదకొండేళ్ళ కిందట ఇదే పండగ పొద్దున మా ఊరి టింకా ఇంట్లో ప్లగ్గు కాలి పొగలొస్తుంటే పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆర్పాడు. ఫిబ్రవరిలో టింకా మొగుడు పోయాడు. ఆ మహానుభావుడు నలభై ఏళ్ళు రోజుకో సీసా రాకియా తాగాడన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. కుజ్మాన్ కాలు మాత్రం గుర్తుండిపోయింది.

అతను మోటార్ల ఫ్యాక్టరీలో తీగ చుట్టేవాడు. అది మూతపడ్డాక పాత కంప్యూటర్లు విప్పి, చెడగొట్టి, మళ్ళీ బాగుచేసి పని నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు, తల్లి యానాతోనే ఉండేవాడు. యానా పాట ఎత్తుకుంటే చేతిలో పని ఆగిపోయేది. ఎవరో చెప్పిన మాట కాదిది, నేను స్వయంగా విన్నాను. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఆ పాటలు మా ఇంట్లోనే ఉండేవి. మా ఆయన అక్క రుమెనా సంగీతం టీచరుగా రిటైరై, కొండపల్లెల్లో ముసలమ్మలు పాడే పాటలన్నీ తొమ్మిదేళ్ళ పాటు కెమెరాతో తీసింది. నూట ఎనభై ఆరుగురు. అందరివీ ఆమె పాత కంప్యూటర్లో ఒకే డిస్కులో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. యానావి మూడు పాటలు.

"టీచరమ్మా, మా అమ్మవి ఆ మూడూ..." అని కుజ్మాన్ ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు.

"ఇస్తాలే కుజ్మాన్, అన్నీ సర్దాక ఇస్తా," అనేది మా వదిన. ఆ సర్దడం ఎప్పటికీ అవలేదు. ఆ కంప్యూటర్ని ఐదారుసార్లు బాగుచేసి కూడా, తనకు కావలసింది చెప్పకుండా తీసుకుపోయే రకం కాదతను. నాకు ఆ మంచితనం చూస్తే ఒళ్ళు మండేది.

ఆ ఏడు డిసెంబరులో డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. కుజ్మాన్ చెవి ఆనించి విని, "టీచరమ్మా, దీనికి ఇంకొన్ని గంటల ఆయుష్షే ఉంది," అన్నాడు. ఆ కంప్యూటర్‌కున్న పాత యూఎస్‌బీ పోర్టుల్లోంచి కొత్త డిస్కులోకి ఎక్కించాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది. అంతసేపు అది బతకదు. అందుకని వేగంగా లాగే నీలం పోర్టులున్న కార్డు ఒకటి తెప్పించి, పండగ ముందురోజు సాయంత్రం వచ్చి బిగించాడు.

కంప్యూటర్ కార్డుని గుర్తుపట్టింది. కొత్త డిస్కూ కనిపించింది. ఐదు నిమిషాలు పాటలు జోరుగా ఎక్కాయి, ఉన్నట్టుండి కొత్త డిస్కు తెర మీంచి మాయమైపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఐదు నిమిషాలే. కేబుల్ మార్చి పొట్టిది పెట్టాడు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాడు. కరెంటు పొదుపు చేసే సెట్టింగేదో తీసేశాడు. చివరికి టార్చి వేసి కార్డు అంచు చూసి నుదురు కొట్టుకున్నాడు.

"దీనికి విడిగా కరెంటు తీగ పెట్టాలి. ఆకలితో ఉన్నవాడికి మూట ఎత్తినట్టయింది. ఈ పాత డబ్బాలో దీనికి సరిపోయే తీగ లేదు. రాత్రికి ఒకటి అతికి పొద్దున్నే తెస్తా."

అప్పటికి ఎక్కింది పదకొండుమంది పాటలు. ఎందుకంటే మా వదిన అక్షర క్రమంలోనే పోవాలని పట్టుబట్టింది.

"ముందు అమ్మవి మూడు తీసుకోనా?" అని అడిగాడతను, చాలా మెల్లగా.

"వరస తప్పితే ఎలా కుజ్మాన్? రేపు అన్నీ వచ్చేస్తాయిగా."

మా అక్షరమాలలో 'యా' ఆఖరి అక్షరం.

వెళ్ళేముందు కంప్యూటర్ ఆపేసి వేలు చూపించాడు. "నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోవద్దు. దీంట్లో ఇంకొక్క పరుగే మిగిలుంది."

పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు, జేబులో తీగ పెట్టుకుని. అప్పటికి మా ఇంట్లో తొలిపాదం పడలేదు.

"ఎవరొచ్చారే?" అంది వదిన.

"కుజ్మాన్ బాబాయ్," అన్నాను.

ఆమె మొహం మాడిపోయింది. కిటికీ తెరిచి, "అక్కడే ఉండు కుజ్మాన్! బోత్యో వస్తాడు. అతను లోపలికొచ్చాక నువ్వూ వద్దువుగాని," అంది.

బోత్యో రిటైరైన బస్సు డ్రైవరు, మా వీధికంతటికీ గోల్డెన్ లెగ్. ప్రతి ఇల్లూ ముందే మాట్లాడి పెట్టుకుంటుంది. ఏ ఇంటికి వెళ్ళినా కూర్చోబెట్టి, అక్రోట్లు, ఎండు రేగుపళ్ళు, ఒక గ్లాసు రాకియా పెట్టకుండా వదలరు. మాది తొమ్మిదో ఇల్లు.

కుజ్మాన్ మంచులో నిలబడ్డాడు, తీగ చలికి బిరుసెక్కకుండా గుప్పిట్లో పట్టుకుని.

మా అత్తగారి కాలం నుంచీ ఒక పద్ధతుంది. తొలిపాదం పడేవేళకి ఇంట్లో పొయ్యి, దీపాలు, రేడియో, ఉన్నవన్నీ నడుస్తూ ఉండాలి, అప్పుడే ఏడాదంతా నడుస్తాయని. "దేస్కా, అన్నీ వెయ్యి," అంది వదిన. వేశాను. "కంప్యూటర్ కూడా."

"వద్దన్నాడుగా వదినా?"

"ఏడాదంతా నడవాల్సింది అదేనమ్మా! ముట్టుకోవద్దన్నాడు, కాపీ చెయ్యొద్దని. ఊరికే వెలిగితే దానికేం అరుగుతుంది?"

స్విచ్ నొక్కింది నేనే.

తొమ్మిదిన్నరకి టిక్కు టిక్కు బయటికి వినిపించేంత అయింది. కుజ్మాన్ పరుగున వచ్చి కిటికీ అద్దం బాదాడు. "ఎవరు వేశారు? ఆపండి! ఆపు దేస్కా!"

నేను లేచాను. వదిన నా చెయ్యి పట్టేసింది. "తొలిపాదం పడకముందే ఆర్పుతావా? నా ఏడాదినే ఆర్పుతావా?"

"పోనీ పోస్టుమాన్‌నైనా పిలుద్దాం వదినా, ఎవరో ఒకరు!"

"వాడి పాదం సంగతి నీకేం తెలుసు?"

కుజ్మాన్ మెట్లెక్కాడు. తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. తాళం లేదు, మా ఇళ్ళకు పగలు తాళాలుండవు. కిటికీ అద్దంలోంచి అతని చెయ్యి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి చెయ్యి తీసేసి మెట్టు దిగిపోయాడు. నాకు అతని మీదే కోపం వచ్చింది. నేను మాత్రం ఏం చేశాను? కూర్చున్నాను.

బోత్యో పదకొండూ ముప్పావుకి వచ్చాడు, గోడ పట్టుకుని. "మీ కోళ్ళు పొదగ, మీ కొట్టు నిండ!" అని పండగ దీవెన చెబుతూ పొయ్యిలో నిప్పులు కదిపి, తూలి, కుర్చీలో కూలబడ్డాడు. వదిన మొహం వెలిగిపోయింది. అతని వెనకే కుజ్మాన్ బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. అప్పటికి టిక్కు టిక్కు లేదు. చప్పుడు ఆగి పావుగంటయింది.

అతను నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. కరెంటు తీసి, తీగ పెట్టి, వేరే డిస్కుతో కంప్యూటర్ లేపాడు. నీలం పోర్టులో కొత్త డిస్కు గుచ్చాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట అయినా దాని లైటు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఎంత వేగంగానైనా ఎక్కుతుంది. ఎక్కించడానికి ఏమీ లేదు. పాత డిస్కుని చేతిలో పట్టుకుని తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "లోపలంతా గీసుకుపోయింది. ఇంక దీన్ని ఎవరూ తియ్యలేరు," అన్నాడు.

మా వదిన కుర్చీలో కూర్చుని ఏడ్చింది. నూట డెబ్బై ఐదుమంది పోయారని ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "పొద్దున్నుంచి వాకిట్లో నిలబడితే ఏమవుతుంది మరి? గుమ్మం దాటకపోయినా దాటినట్టే!"

బోత్యో తల ఊపాడు. సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట.

ఆ మధ్యాహ్నం కుజ్మాన్‌ని నేనే వాకిలిదాకా సాగనంపాను. ఉండబట్టలేక అడిగేశాను. "తలుపు తీసే ఉందిగా బాబాయ్. గడియ మీద చెయ్యి కూడా వేశావు. ఎందుకు రాలేదు? తోసుకుని వస్తే మేమేం చేసేవాళ్ళం?"

అతను బూటు లేసులు కట్టుకోవడం ఆపాడు.

"అమ్మ పోయిన ఏడు కూడా మా ఇంట్లో తొలిపాదం నాదే, దేస్కా. పాలకి వెళ్ళి వచ్చాను, ఆలోచించకుండా." లేసు మళ్ళీ బిగించాడు. "మీరంతా అంటుంటే నవ్వుకునేవాణ్ణి. గడియ పట్టుకున్నాక మాత్రం, నా కాలు పడగానే డిస్కు ఆగిపోతేనో అనిపించింది. అమ్మ గొంతు మీద పందెం కాయలేకపోయాను."

వెయ్యొద్దన్నది వేసింది నా వేలు, నీ కాలు కాదు అని అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. లోపల వదిన వింటోంది, నేను ఆ ఇంట్లోనే బతకాలి. చెప్పలేదు.

కుజ్మాన్ వీధి వైపు వెళ్ళలేదు. ఇంకా తొలిపాదం పడని ఇళ్ళు రెండు మిగిలాయని, వెనక గేటు తీసుకుని, మోకాలి లోతు మంచులో వాగు గట్టు వెంబడి ఇంటికి వెళ్ళిపోయాడు.