పదిహేడో నంబరు అతుకు

ఆ ఉదయం షెడ్డులో ఉన్నవి, ఉన్నవాళ్ళు: దుంగల మీద పడుకోబెట్టిన ఉక్కు గాలి ట్యాంకు ఒకటి. దాన్ని అతికిన వెల్డరు. షెడ్డు మేనేజరు. మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, పరగడుపున. అల్ట్రాసౌండ్ మిషను ఒకటి, ప్రోబులు రెండు. మైదా జిగురు అరబకెట్టు. ప్లాస్టిక్ కుర్చీలు మూడు, వాటిలో నాలుగు కాళ్ళూ ఉన్నది ఒకటి. ఆరు నెలల కిందట చేతికొచ్చిన సర్టిఫికెట్టుతో నేను.

షెడ్డు రేణిగుంట దాటి ఏర్పేడు పోయే రోడ్డు పక్కన ఉండేది. తడ వైపు ఫ్యాక్టరీలకు ట్యాంకులు చేసి పంపేవాళ్ళం. వెల్డింగ్ అతుకుల్లోకి శబ్దం పంపి, లోపల చీలికలూ బుడగలూ ఉన్నాయేమో చూడటం నా ఉద్యోగం. మనిషి చెవికి అందని శబ్దం ఉక్కులోకి పోతుంది, అడ్డం ఏదైనా తగిలితే వెనక్కి వస్తుంది, వచ్చినప్పుడు తెర మీద పచ్చగీత లేస్తుంది. డాక్టర్లు గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే అని ఒకసారి షెడ్డులో వివరించాను. ఆ రోజు నుంచి నేను ఏ ట్యాంకు దగ్గర కూర్చున్నా, ఆడబిడ్డా మగబిడ్డా అని అడగనివాడు లేడు.

శబ్దాన్ని పంపి అందుకునే ప్రోబుకూ ఉక్కుకూ మధ్య గాలి ఉంటే శబ్దం దాటదు. అందుకని ఏదో ఒక తడి జిగురు పూయాలి. దానికోసం పెద్ద కంపెనీలు ప్రత్యేకమైన జెల్ వాడతాయి. మేం సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు వాడేవాళ్ళం. మిషను జర్మనీది, జిగురు రేణిగుంటది. రెండూ బాగానే కలిసి పనిచేశాయి.

ఇన్‌స్పెక్టర్ల విషయంలో మా షెడ్డుకు దేశంలో ఇంకెవరికీ లేని అదృష్టం ఉండేది. వేరే ఊళ్ళలో ట్యాంకు సిద్ధమైందని ఉత్తరం రాస్తే ఇన్‌స్పెక్టరు మూడు వారాలకు వస్తాడు. మా ఉత్తరం అందిన రోజే మాకు ఫోను వచ్చేది: శుక్రవారం పెట్టుకుందామా, ఇద్దరికి దర్శనం టికెట్లు దొరుకుతాయా. కొండ దిగి గుండుతో, గంధంతో, మహా ప్రసన్నంగా వచ్చి, ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం చేసేవాళ్ళు. అందుకే మా మేనేజరు ఎప్పుడూ దర్శనం ముందు, తనిఖీ తర్వాత వచ్చేట్టు చూసుకునేవాడు. ఈసారి టికెట్టు మధ్యాహ్నం రెండింటికి దొరికింది. కాబట్టి తనిఖీ ముందు చేయాలి, ఇన్‌స్పెక్టరు పదకొండుకల్లా బయల్దేరాలి. దర్శనం అయ్యేదాకా కాఫీ తప్ప ఏమీ ముట్టనన్నాడు. కాఫీ మాత్రం మూడుసార్లు ముట్టాడు.

ఇక వెల్డరు. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చినవాడు, నలభై అయిదు దాటినవాడు. షెడ్డులో మిగతా వెల్డర్లిద్దరికీ పని నేర్పింది ఆయనే. ప్రతి వెల్డరుకూ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఉక్కు పంచ్ ఒకటి ఉండేవి. అతుకు పూర్తయ్యాక దాని పక్కన పంచ్ పెట్టి సుత్తితో కొట్టాలి. ఈయనది పదిహేడు. లోపం ఉందని నెలలో మూడు అతుకులు తవ్వించుకున్నవాడు పంచ్ అప్పగించాలి, మళ్ళీ పరీక్ష పాసయ్యేదాకా తన శిష్యుల అతుకులకు గ్రైండింగ్ చేయాలి. ఆ పరీక్ష ఎప్పుడు పెట్టాలనేది మేనేజరు ఇష్టం. ఒకరికి పదకొండు నెలలు పెట్టలేదు.

ఆ నెలలో పదిహేడో నంబరువి అప్పటికే రెండు పోయాయి. తప్పు ఆయనది కాదు. కార్తీక మాసం వానలకు వెల్డింగ్ రాడ్లు చెమ్మగిల్లాయి, చెమ్మ రాడ్డుతో అతికితే లోపల బుడగలు వస్తాయి. రాడ్లు ఆరబెట్టడానికి షెడ్డులో ఓవెన్ ఉంది. అందులో మేనేజరు తన భోజనం క్యారియర్ పెట్టుకునేవాడు.

తనిఖీ పద్ధతి కాగితంలో పదకొండు మెట్లు ఉంటాయి. మూడో మెట్టు: నిటారు ప్రోబుతో ప్లేటు మందం మూడు చోట్ల కొలవాలి. అసలు పరీక్షలో వాలు ప్రోబు వాడతాం. దాని శబ్దం ఏటవాలుగా కిందికి పోయి, ప్లేటు అడుగుకు తగిలి, ఎగిరి అతుకులోకి వస్తుంది. తిరిగొచ్చిన శబ్దం ఎంత దూరం నడిచిందో మిషను చెబుతుంది, అది ఎంత లోతులో తగిలిందో మనం లెక్కగట్టాలి. ఆ లెక్కకు మందం కావాలి. డ్రాయింగులో పద్దెనిమిది మిల్లీమీటర్లని ఉంది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. నేను పద్దెనిమిది వేసుకుని నాలుగో మెట్టుకు పోయాను.

పొడవాటి అతుకు మీద పది నిమిషాలు కూడా గడవలేదు, పచ్చగీత లేచింది. ప్రోబు జరిపాను, గీత దిగలేదు. ఇంకా జరిపాను. చాక్‌పీసుతో మొదలూ చివరా గుర్తు పెట్టి టేపు వేశాను. ఉపరితలానికి మూడు మిల్లీమీటర్ల కింద, పొడవు నాలుగువందల ఇరవై మిల్లీమీటర్లు. అంత పొడవు లోపం నేను చదివిన పుస్తకంలో కూడా లేదు. నాకు కలిగింది సంతోషం. చెప్పుకోదగ్గది కాదు, కానీ అదే కలిగింది.

"ఏమబ్బాయ్, ఏమన్నా ఉండాదా?" అన్నాడు మేనేజరు.

"ఉంది సార్. నాలుగువందల ఇరవై."

వెల్డరు బీడీ చెవి వెనక పెట్టుకుని దగ్గరికొచ్చాడు. "నా అతుకులోనా?"

"అవునన్నా."

"ఫోర్‌ట్వంటీనా. అయితే ఆ ఫోర్‌ట్వంటీ ఎవురో తేల్చల్ల సారూ. కోసి సూపియ్యి."

మేనేజరు ఆయన భుజం పట్టుకుని పక్కకు లాగాడు. "గమ్మునుండప్పా. ఆయప్ప దర్శనానికి పోయొచ్చినాక సూస్తాం. బిన్నా ముగించనీ, పదకొండుకు బయల్దేరల్ల."

"ఆయప్ప పోయొస్తాడు. నా పంచ్ పోతే మళ్ళా వస్తాదా? ఇప్పుడే కోయల్ల. లోపల ఉంటే నేనే తీసి నీ చేతికిస్తా."

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచే అన్నాడు, "సామి ఎక్కడికీ పోరు పా. తవ్వండి, చూద్దాం."

గ్రైండరు వెల్డరే అందుకున్నాడు. మూడు మిల్లీమీటర్లు తవ్వి పక్కకు జరిగాడు. ఇలాంటప్పుడు ఎర్ర ద్రావకం పూసి, తుడిచి, పైన తెల్లపొడి కొడతాం. చీలిక ఉంటే అందులో దాక్కున్న ఎరుపు తెల్లపొడిలోకి పైకి వస్తుంది. పొడి ఇడ్లీలా తెల్లగా ఉండిపోయింది. నాలుగు మిల్లీమీటర్లు. తెలుపే. అయిదు. తెలుపే.

"ఇంకొంచెం పోదామన్నా," అన్నాను.

వెల్డరు గ్రైండరు ఆపి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "మా ఊళ్ళో ఒకాయన ఉండాడు సారూ. అరిచేతిలో టెంకాయ పెట్టుకోని పొలమంతా తిరుగుతాడు, టెంకాయ యాడ లేసి నిలబడితే ఆడ బోరు ఎయ్యమంటాడు. మూడునూర్ల అడుగులేసినా దుమ్మే. అడిగితే, ఇంగ పదడుగులు పోండప్పా, పక్కనే ఉండాది అంటాడు."

"ఆయనకు సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయనకు లేదు సార్. అందుకే టెంకాయ అన్నా ఇంటికి తీసుకోని పోతాడు."

నేను మళ్ళీ ప్రోబు తీసుకుని, తవ్వని భాగం దగ్గర పెట్టాను. పచ్చగీత నిటారుగా, నిక్షేపంగా ఉంది.

"చూడన్నా, ఇదిగో ఉంది," అన్నాను.

"యాడ? ఈడనా?" చాక్‌పీసు జిగురు మీద పడదు గనక, వెల్డరు చూపుడువేలు మైదా జిగురులో ముంచి అతుకు ఉబ్బు మీద గుచ్చి చూపించాడు. "ఈడనా? లేకుంటే ఈడనా?"

తెర మీద గీత వణికింది. ఆయన వేలు తీశాడు, గీత నిలబడింది.

"మళ్ళీ పెట్టన్నా."

"ఏం, దానికి కితకితలా?"

"పెట్టన్నా."

పెట్టాడు. సగానికి కుంగింది. తీశాడు. లేచింది. నేను ప్రోబు కింద పెట్టేశాను.

ఇది కోర్సులో మొదటి వారమే చెప్పిన సంగతి. శబ్దం ఉక్కు ఉపరితలానికి తగిలి తిరుగుతుంటే, సరిగ్గా అక్కడ తడివేలు పెడితే కొంత శబ్దాన్ని ఆ వేలు తినేస్తుంది, గీత కుంగుతుంది. మూడు మిల్లీమీటర్ల లోపల దాక్కున్న చీలికకు పైనున్న వేలితో పనిలేదు. అంటే శబ్దం తగులుతున్నది లోపల కాదు, అతుకు పైనున్న ఉబ్బుకు. అందరికీ మామూలు కళ్ళతో కనబడే ఉబ్బును నేను జర్మనీ మిషనుతో కనిపెట్టి, నాలుగువందల ఇరవై మిల్లీమీటర్ల పొడవున నేరం మోపాను.

ఉపరితలం మీద ఉన్నది మూడు మిల్లీమీటర్ల లోతులో ఉన్నట్టు లెక్క తేలాలంటే లెక్కలో ఒక్కటే తప్పు కావాలి. అప్పుడు మూడో మెట్టు చేశాను. నిటారు ప్రోబు పెట్టి చదివాను: 15.9. జరిపి చదివాను: 16. ఇంకోచోట: 15.9. రెండు మిల్లీమీటర్ల తేడా, శబ్దం కిందికి పోయి పైకి వచ్చేసరికి నాలుగవుతుంది, అందులో ఉబ్బు ఎత్తు ఒకటి పోతే మూడు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి తెర చూశాడు, డ్రాయింగు చూశాడు, మేనేజరును చూశాడు. "ఈ ప్లేటు ముక్క ఏదైనా మిగిలిందా?"

మిగిలింది. షెడ్డు వెనక గోడకు ఆనించి ఉంది, దాని మీద మూడడుగుల నామం. ఆయుధపూజ రోజు మేనేజరు సున్నం బకెట్టూ ఎర్రరంగు డబ్బా పట్టుకుని షెడ్డంతా తిరిగాడు. డ్రిల్లింగ్ మిషనుకు, లారీకి, కాంటాకు, కరెంటు మీటరుకు, మరుగుదొడ్డి తలుపుకు కూడా నామాలు పెట్టాడు. ప్లేట్ల దొంతరలకూ పెట్టాడు. ప్లేటు మీద మందం అంకె ఎప్పుడూ మధ్యలోనే రాసి ఉంటుంది, నామానికి కూడా మధ్యే అనువైన చోటు. ఆ తర్వాత స్టోరు నుంచి ప్లేట్లు తీసినవాళ్ళు అంకె చూడలేదు, నామం చూసి దండం పెట్టి ఎత్తుకొచ్చారు.

"చెరపండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేనేజరు ఎవరినీ ముట్టనివ్వలేదు. చెప్పులు విప్పాడు, రెండు చెంపలూ వేసుకున్నాడు, థిన్నరు పోసి గుడ్డతో తానే తుడిచాడు. నిలువు గీతల మధ్యనుంచి 16 బయటికొచ్చింది.

"నాకప్పుడే అనుమానం," అన్నాడు వెల్డరు. "లెక్క కంటే ఎనిమిది రాడ్లు మిగిలినాయి."

"చెప్పల్ల గదప్పా."

"చెప్తే రాడ్లు ఎనక్కి ఇచ్చేయమంటావు."

పద్దెనిమిది ఉండాల్సిన ట్యాంకు పదహారుతో తయారైంది కాబట్టి ఇన్‌స్పెక్టరు దాన్ని నిలువునా తిరస్కరించాడు. కాఫీలు తాగిన మొహమాటం ఏమీ పెట్టుకోలేదు. ట్యాంకు పోయిన కోపం ఎక్కడో ఒకచోట దిగాలి గనక మేనేజరు తవ్వకాల రిజిస్టరు తెరిచాడు. "ట్యాంకు సంగతి వేరే. అతుకు తవ్వినామా లేదా? తవ్వింది తవ్విందే. పదిహేడో నంబరు, మూడోది."

వెల్డరు చొక్కా జేబులోంచి పంచ్ తీసి ట్యాంకు మీద పెట్టాడు.

రిజిస్టరులో చివరి గడి పేరు "కారణం". అది నింపాల్సింది పరీక్ష చేసినవాడు, అంటే నేను. నాకు మూడు దారులు కనిపించాయి. ఒకటి, ఖాళీ వదిలేయడం: అప్పుడు అది వెల్డరు ఖాతాలోకి పోతుంది. రెండు, ప్లేటు తేడా అని రాయడం: నిజమే, మందం ఎవరు కొలవాలన్న ప్రశ్న కూడా ఎవరూ అడగకపోవచ్చు. కానీ మేనేజరు ప్లేటు వేరు, అతుకు వేరు అని ముందే అనేశాడు, కాబట్టి అదీ వెల్డరు మీదికే పోతుంది. మూడు, ఉన్నది రాయడం. రాస్తే కింద ఇన్‌స్పెక్టరు సంతకం ఉంటుంది, నా ఆరు నెలల సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళకు ఒక నకలు పోతుంది. ఒక బీడీ కాలేంతసేపు ఆలోచించాను. కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే వెల్డరు చెవి వెనకున్న బీడీ వెలిగించి పూర్తిగా కాల్చాడు.

రాశాను: "అతుకులో లోపం లేదు. పరీక్షకుడు మందం కొలవకుండా లెక్క కట్టాడు."

ఇన్‌స్పెక్టరు చదివి, సంతకం పెట్టి, "ఆరు నెలలేనా అయింది? సరే పా," అన్నాడు. జీపెక్కేసరికి పన్నెండు దాటింది. రెండు గంటల టికెట్టుతో నాలుగింటికి కొండ మీదికి చేరి, మామూలు క్యూలో నిలబడి, తెల్లవారాక దర్శనం చేసుకున్నాడని తర్వాత తెలిసింది. మద్రాసుకు తిరిగి వెళ్తూ షెడ్డుకు ఒక లడ్డు పంపాడు. మేనేజరు దాన్ని ఓవెన్‌లో దాచుకున్నాడు.

నన్ను నెలరోజులు ప్రోబు ముట్టుకోనివ్వలేదు. పంచ్ ఎప్పుడు తిరిగి జేబులోకి పోయిందో నేను చూడలేదు. మర్నాడు మాత్రం కొత్త ట్యాంకు మొదటి అతుకు పక్కన పదిహేడు కొట్టి ఉంది. వెల్డరు ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. నెల తర్వాత నేను ఆయన అతుకు దగ్గరికి పోయి కూర్చుంటే షెడ్డు అవతలి కొసనుంచి అరిచాడు: "మందమెంత సారూ?"

కొలిచి చెప్పాను. ఆ తర్వాత ప్రతిసారీ అడిగాడు, ప్రతిసారీ చెప్పాను.

ఆ షెడ్డులో ఇంకో రెండేళ్ళ నాలుగు నెలలు పనిచేశాను. పదిహేడో నంబరు అతుకులు నేను పరీక్షించినవి 214. నిజంగా లోపం దొరికినవి 3.