మైనర్ అంటే ఏంది

నాచారంలో మేము పనిచేసిన ఫ్యాక్టరీలో స్టీలు డబ్బాల మూతలు తయారవుతాయి. చెకింగ్ టేబుల్ దగ్గర చేరినప్పుడు నాకు మొట్టమొదట నేర్పిన ఇంగ్లీషు మాట మైనర్. మూత మీద సన్నటి గీత పడిందా, లోపలివైపు చిన్న సొట్ట ఉందా, కొన్నవాళ్లు పనిగట్టుకుని వెతికితే తప్ప కనబడదా, అది మైనర్. మంచివాటితో కలిపి పంపేయొచ్చు. అంచు పదునుగా మిగిలిపోయి చెయ్యి కోసేలా ఉంటే మాత్రం రిజెక్ట్, ఎర్ర ట్రేలో వెయ్యాలి. ఆ పదును కంటికి దొరకదు. వేలి కొసతో అంచు చుట్టూ తడిమి చూడాల్సిందే.

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఉప్పల్‌లో మేము అద్దెకుండే గదికి కూడా తెచ్చుకున్నాను. కూరలో ఉప్పు తగ్గితే మైనర్. చొక్కా గుండీ ఊడితే మైనర్.

"మరి నన్ను ఏ ట్రేల ఏస్తవే?" అని మా ఆయన ఏడిపించేవాడు.

"సొట్టలు మస్తుగున్నయ్ గని, నడుస్తది" అనేదాన్ని.

ఆయనది అదే ఫ్యాక్టరీలో, రేకును మూతగా నొక్కే ప్రెస్ మీద పని. రేకు పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ కిందికి దిగాలి. చేతులు దాని కింద ఉండకూడదని చేసిన ఏర్పాటు అది. కానీ మా దగ్గర ఒక బటన్‌ను నొక్కిపట్టి టేపు చుట్టేసేవారు. ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, రేకులు గబగబా మార్చొచ్చు. తనిఖీ ఉందంటే టేపు ఊడదీయడం, వచ్చినవాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ చుట్టడం. ఇందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిందే.

కొన్నాళ్లకు ఆ ప్రెస్ రెండో బటన్ నొక్కకుండానే అప్పుడప్పుడు దిగడం మొదలుపెట్టింది. మా ఆయన చెబితే సూపర్‌వైజర్ తేలిగ్గా తీసేశాడు. "మైనర్ ప్రాబ్లమే అన్నా. ఆదివారం బంద్ ఉంటది గద, అప్పుడు సూద్దాం."

ఆదివారం రాకముందే అది ఆయన కుడిచేతి మీద దిగింది. వేళ్ల కొసలు పోయాయి.

దవాఖానాకు సూపర్‌వైజర్ పండ్లు పట్టుకుని వచ్చాడు. కట్టు కట్టిన చేతి వైపు చూసి, "దేవుని దయ అక్కా, చెయ్యి మొత్తం పోలే. మైనర్‌తోని పోయింది" అన్నాడు. ఆ పండ్ల సంచీ అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. మా ఆయనకు మళ్లీ పని ఇవ్వాల్సింది అతనే. ఇంటికొచ్చాక ఆ మాట మళ్లీ నా నోట రాలేదు.

పని ఇచ్చాడు, నా పక్కనే, చెకింగ్ టేబుల్ దగ్గర. "కూసొని జేసే పని అన్నా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. కుడిచేతికి తడిమి చూసే కొసలు లేవు. ఎడమచేతి వేళ్లు ఏళ్ల తరబడి రేకులు పట్టి కాయలు కాశాయి, పదును వాటికి తెలియదు. ఆయన కళ్లు చికిలించి ప్రతి మూతనూ వెలుతురుకు పెట్టి చూసేవాడు. చూసి పక్కన పెట్టినవాటిని నేను చాటుగా మళ్లీ తడిమేదాన్ని. ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తెలుసు.

నాకు జ్వరమొచ్చి పడుకున్న రోజు ఆయన చూసిన మూతలు నేరుగా ప్యాకింగ్‌కు వెళ్లాయి. నేను తిరిగి పనికి వచ్చేసరికి ప్యాకింగ్‌లో ఒకామె అరచెయ్యి తెగి, గుడ్డ చుట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజర్ ఆ మూత తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వు సీనియర్‌వి అక్కా, నువ్వే జెప్పు. మైనరా, రిజెక్టా? మైనర్ అంటే ఈడికే ఇడిసిపెడ్త. రిజెక్ట్ అంటే అన్నను ఇంక ఈ టేబుల్ కాడ పెట్టలేను. వేరే పని గూడ లేదు."

వేలితో తడిమాను. బ్లేడు లాగే ఉంది. తల ఎత్తితే మా ఆయన నన్నే చూస్తున్నాడు. మైనర్ అంటే ఆయన కూర్చున్న చోటే ఉంటాడు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఎదురుగా ఆమె చేతికి చుట్టిన గుడ్డ తడిసి ఎర్రబడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన లేచి నా చేతిలోంచి మూత తీసుకున్నాడు.

"దాన్ని అడగకు సార్. ఇది రిజెక్టే" అని ఎర్ర ట్రేలో వేశాడు.

తర్వాత వీపు వెనక్కి చెయ్యి పెట్టి ఏప్రాన్ ముడి విప్పబోయాడు. ఆ వేళ్లకు ముడి అందలేదు. నేను వెళ్లి విప్పాను.