సముద్రంలో బావి ఈత

ఆ రోజుల్లో ఊపిరి బిగపట్టడం కూడా ఒక విద్యేనని నమ్మేవాణ్ణి. తొండుపల్లిలో మా మోటబావి అడుగుదాకా మునిగి, పిడికెడు నల్ల బురద తెచ్చి గట్టు మీద కొట్టినవాడే మొనగాడు. బురద లేకుండా పైకొస్తే, అడుగు ముట్టానని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. ఆ బురద గోళ్లలో ఇరుక్కుని ఒక పట్టాన వదిలేది కాదు. ఊళ్లో నన్ను 'నీళ్లకోడి' అనేవారు. (ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే కొలువులో చేరాక కూడా, నా గురించి గొప్పగా చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.)

ఆ బావిని మా బామ్మర్ది అమ్మించాడు. అంటే మా భూమిని అమ్మించాడు, బావి దాంతోపాటు పోయింది. మా ఆవిడ తమ్ముడైన ఇతనిది ప్లాట్ల వ్యాపారం. భూమి మా నాన్న పేరు మీద ఉంది, బాపు సంతకం పెట్టేశాకే నాకు చెప్పారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి టిప్పర్లతో బావిలో రాళ్లు పోసి నేల చదును చేసేశారు. ఆ కోపంతో బామ్మర్దితో మాట మానేశాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. "బావ మనసు మంచిగ లేనట్టుంది అక్కా, జర సముద్రం దిక్కు తీస్కపోదాం" అని, చలికాలంలో మా ఇద్దరినీ విశాఖపట్నం తీసుకెళ్లాడు. అక్కడ అతని దగ్గర ప్లాటు కొన్న ఒకాయనకు సొంత పడవ ఉంది. వీపున గాలి సిలిండరు కట్టి సముద్రం అడుక్కి దింపుతారట. మా బామ్మర్దికి మోకాలి లోతు నీళ్లన్నా భయమే. సరే, పదమన్నాను. నా ఆలోచన నాది. ఇతగాడు పడవలో వణుకుతూ కూర్చుంటే, నేను అడుగు మట్టి తెచ్చి ఇతని ముందు కొట్టాలి. తను ఏం పూడ్పించాడో అప్పుడు తెలుస్తుంది.

ముందు నన్ను రబ్బరు సూటులోకి దూర్చడానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. (నా పొట్ట అప్పటికే కాపురం బాగా సాగుతోందని చెబుతోంది.) నేర్పేవాడు కోస్తా మనిషి, మర్యాదగా చెప్పాడు. "రెండే విషయాలండి. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు, నోటితో తీస్తూ వదులుతూ ఉండాలి. అడుగున దేన్నీ ముట్టుకోకూడదు."

నాకు వచ్చిన విద్యలు ఆ రెండే.

నీళ్లు చల్లగా నెత్తి మీదుగా మూసుకోగానే నా ఛాతీ దానంతట అదే బిగుసుకుపోయింది. నోట్లో గొట్టం ఉంది, గాలి ఉంది, నేను మాత్రం పీల్చను. అతను భుజం తట్టి సైగ చేశాడు. తలాడించి మళ్లీ బిగపట్టాను. పైకి లాగాడు. మళ్లీ దించాడు, మళ్లీ అదే తంతు. చివరికి నన్ను పడవ ఎక్కించేశాడు. "ఇలా బిగపట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయండి. మీకు ఈతొచ్చాండి?"

"వచ్చు," అన్నాను.

"అదేనండి చిక్కు. రానివాళ్లు చెప్పినట్టు వింటారు."

చెప్పినట్టు విన్నవాడు మా బామ్మర్ది. చిన్నపిల్లాడిలా నేర్పేవాడి చెయ్యి పట్టుకుని దిగిపోయాడు. పడవ ఊగుతోంది. వణుకుతూ వాంతి చేసుకుంటున్నది నేను. మా ఆవిడ నా తల పట్టుకుంది. "బాయిల అయితే మంచిగనే ఈదుతుంటివి," అంది. ఏడుపొచ్చింది. ఉప్పునీళ్లు కంట్లో పడ్డాయన్నాను.

బామ్మర్ది ఒక చెయ్యి గట్టిగా మూసుకుని పైకొచ్చాడు. నా పక్కన కూర్చుని చెవిలో అన్నాడు. "బావా, చెయ్యి పట్టు. గాయన చూడకుంట తెచ్చిన. అడుగు మట్టంటే నీకు పానమని అక్క చెప్పింది."

నా అరచేతిలో పెట్టింది ఇసుక. వేళ్ల మధ్య నుంచి కారిపోయింది, ఒక్క గోరులో కూడా నిలవలేదు. ఎన్నాళ్లుగానో దాచుకున్న తిట్లలో అతణ్ణి తిట్టడానికి ఒక్కటీ దొరకలేదు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. చెడ్డవాడైనా బాగుండేది.

బావి ఉన్నచోట ఇప్పుడు కిరాయి కార్లు నిలుపుతున్నారు. బండి మీద ఆ పక్కగా పోయినప్పుడల్లా నాకు తెలియకుండానే ఊపిరి బిగపడతాను. కార్ల కింద, రాళ్ల కింద, ఎక్కడో అడుగున ఆ బురద ఇంకా ఉండే ఉంటుంది. వెనక కూర్చున్న మా ఆవిడ వీపు మీద తడుతుంది.

"ఇగ తీస్కో ఊపిరి. దాటినం."

తీసుకుంటాను. నీళ్లకోడికి చెప్పినట్టు వినడం ఇన్నాళ్లకు వచ్చింది, దిగడానికి నీళ్లే లేవు.