మా చెల్లెలి ఫోటోల్లో తెల్ల మచ్చలు

మా వీధి చివర ఫోటో స్టూడియో పెట్టుకున్న అన్న పోయిన మంగళవారం చనిపోయాడు. కబురు తెచ్చిన మనిషి నా అంగడి ముందు నిలబడి ఉండగానే నేను చేతిలోని మిక్సీకి బుష్ మార్చి, మూత బిగించి, ఆడించి చూశాను. "ఏమప్పా, ఇనిపించిందా?" అని మళ్లీ అడిగాడు. వినిపించింది. ఎవరి చావు మీదైనా ఒక విసురు విసిరే నోరు నాది. ఆ రోజు అందులోంచి ఏమీ రాలేదు. ఏడుపూ రాలేదు. ఈ రోజుకీ రాలేదు. ఊరికే కూర్చోలేక ఆయన గురించి రాస్తున్నాను. తొమ్మిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన తొంభైలలో హోసూరుకు వచ్చి స్టూడియో తెరిచాడు. మహానుభావుడేం కాదు. ముక్కు మీద కోపం, నోటి నిండా గొప్పలు. పెళ్లి పంక్తిలో మొదటి ఆకు తనకే వేయాలి. ఫోటో తీసేటప్పుడు "ఒకటి, రెండు" అని, మూడు అనకముందే నొక్కేసేవాడు. ఎందుకని అడిగితే, "మూడు అనేసరికి మనిషి బొమ్మైపోతాడప్పా. రెండు కాడ ఇంకా మనిషే" అనేవాడు. ఫోటో బాగాలేదని ఎవరైనా గొణిగితే, "మొగం తెచ్చుకొనింది నువ్వు, నేను కాదు" అని వాళ్లనే దబాయించేవాడు. ఈ రెండో మాటను నేను నా మిక్సీ గిరాకీల మీద చాలాసార్లు వాడుకున్నాను.

ఐదారేళ్ల కిందట ఆయన రీలు కెమెరా పక్కనబెట్టి, అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా కొన్నాడు. దాంతో తీసిన మొదటి శుభకార్యం మా ఇంటి హాల్లో జరిగిన మా చెల్లెలి నిశ్చితార్థం. పెళ్లికొడుకుది ఉద్దనపల్లి, సేద్యం చేసుకునే కుటుంబం. ఫోటోలు వాళ్లకో కట్ట, మాకో కట్ట ఇచ్చాడు. చూస్తే, మా చెల్లెలు కూర్చున్న ఫోటోల్లో ఆమె తల చుట్టూ తెల్లటి గుండ్రటి మచ్చలు. వెనక గోడ కనిపించేంత పలుచగా, అప్పడాల్లా.

అమ్మ ముందు నన్నే పట్టుకుంది. "నిజం చెప్పురా, నీ చేష్టేనా ఇది?" ఊళ్లో నా పేరు అలాంటిది. అంతలో ఉద్దనపల్లి నుంచి మాట వచ్చింది. పెళ్లికొడుకు అవ్వ ఫోటోలు చూసి, "చచ్చినోళ్లు ఆ బిడ్డను చుట్టుకోనుండారు, ఈ సంబంధం మనకొద్దు" అందట. చెల్లెలు నిశ్చితార్థం చీర మడిచి పెట్టె అడుగుకు తోసేసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారని ఇంట్లో అందరికీ తెలుసు.

ఫోటోలు పట్టుకుని స్టూడియోకు వెళ్లాను. ఆయనా అదే అడిగాడు. "కంప్యూటర్లో నువ్వేమన్నా గెలికినావా?"

"లేదన్నా. దయ్యాలతో నాకు అంత స్నేహం లేదు."

కెమెరా అద్దం తుడిచాడు. కార్డు మార్చాడు. స్టూడియో గోడను తీశాడు, మచ్చ లేదు. అయితే తప్పు మీ ట్యూబులైటుదే అని మా ఇంటికి వచ్చి, దాన్ని వేసి, ఆర్పి తీశాడు. అప్పుడూ మచ్చ లేదు. "ఈపొద్దు దయ్యాలకు లీవేమో" అన్నాను. "నోరు ముయ్" అన్నాడు.

అప్పుడు అమ్మ, "నిలబడే ఉండావే, కూర్చోప్పా" అంటూ నేల మీద పరిచి ఉన్న జంపఖానా ఎత్తి గట్టిగా దులిపింది. మా వైపు మర్యాద అది. జంపఖానా ఎంత శుభ్రంగా ఉన్నా, పెద్దవాళ్లు వస్తే వాళ్ల కళ్లముందే మళ్లీ దులిపి వేయాలి. లేకుంటే లెక్కలేదని అర్థం. ఆ దులుపుడులోనే ఆయన చిరాగ్గా ఒక ఫోటో నొక్కాడు. అమ్మ తల చుట్టూ అప్పడాలు.

"నిశ్చితార్థం దినం పాప కూర్చోకముందు దులిపినారా?"

"ఇద్దరం పట్టుకొని దులిపితిమి. పెండ్లికూతురు కదప్పా!"

ఆయన ఎప్పటినుంచో తెలిసినవాడిలా గొంతు సవరించుకున్నాడు. "దీంట్లో ఫ్లాషు అద్దం పక్కనే ఉంది. అద్దం ముందర ఎగిరే దుమ్ము మీద వెలుగు పడితే, మరీ దగ్గర కాబట్టి మసకబారి గుండ్రంగా ఉబ్బుతుంది. అంతే."

"ఆ మాట నేను పోయి ఉద్దనపల్లిలో చెప్తా."

"నువ్వు చెప్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. పద, నేనూ వస్తా."

మోపెడ్ మీద ఇద్దరం వెళ్లాం. వాళ్లూ మమ్మల్ని చూడగానే జంపఖానా దులిపారు. ఆయన గబగబా అవ్వను దాని మీద కూర్చోబెట్టి నొక్కి, వెనక ఉన్న చిన్న తెరలో చూపించాడు. అవ్వ చుట్టూ మచ్చలే మచ్చలు.

అవ్వ చాలాసేపు చూసింది. "మా ఆయన కూడా వచ్చినాడా?"

"దుమ్మవ్వా. ఊరికే దుమ్ము. ఉండు, ఈతూరి దులపకుండా తీస్తా." కాసేపు ఆగి తీశాడు. మచ్చ లేదు.

"పోయినాడా అయితే?" అంది అవ్వ.

నాకు నవ్వొచ్చింది. ఆయన నా కాలు తొక్కాడు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, మనవడి వైపు తిరిగి, "ఆ బిడ్డను ఉత్తపుణ్యానికి ఏడిపిస్తిని. ముహూర్తం పెట్టించుకోండి" అంది. తర్వాత మెల్లగా, "ఆ మొదటి పటం నాకు కడిగియ్యప్పా" అంది.

దారిలో నేను ఎగతాళి మొదలుపెట్టాను. దుమ్మని చూపించి, మళ్లీ ఆ దుమ్మునే కడిగిస్తావా అని. "ఆయమ్మకు దుమ్మని తెలుసు. తెలిసే అడిగింది. అట్లాంటప్పుడు మనం ఊరికే ఉండాల" అన్నాడు. ఆయన నోటి నుంచి గొప్పలు లేకుండా వచ్చిన మాట నాకు తెలిసి అదొక్కటే.

ఆయన పోయిన రోజు, మంగళవారం సాయంత్రం చెల్లెలూ ఆమె మొగుడూ ఉద్దనపల్లి బస్సు దిగి నేరుగా ఆయన ఇంటికి వచ్చారు. పాడె ఎత్తేటప్పుడు చెల్లెలి మొగుడు చెప్పులు విడిచి వచ్చి ముందు కొమ్ముకు భుజం పెట్టాడు. ఎవరూ పిలవలేదు, చుట్టరికమూ లేదు. మిగతా ముగ్గురూ పొట్టివాళ్లు, అతనొక్కడే పొడుగు. నిటారుగా నడిస్తే పాడె ఒక పక్కకు ఒరుగుతుందని మోకాళ్లు కాస్త వంచి, కాటిదాకా అలాగే నడిచాడు. నేను వెనక నడుస్తూ ఆ వంగిన మోకాళ్లనే చూస్తూ పోయాను.