బంకరు వెనక వాలు

అక్టోబరు మొదటి వారంలో సరిహద్దు పోస్టుకు చేరాను. బేస్ నుంచి ఆరు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోలు. కోట్‌పల్లి గట్ల మీద గొర్రెల వెంట తిరిగిన కాళ్లు కదా అని ధీమాగా ఎక్కాను. రెండో గంటకే ధీమా దిగిపోయింది. పైన ఒక బంకరు, ఏడుగురం. ఎదురుగా పరాయి దేశం వాళ్ల కొండ. వెనక మంచు వాలు. కిరోసిన్ తెచ్చుకునే దారి ఆ వాలు కిందనుంచే.

హవల్దారు నాకు పెన్సిలూ అట్టా ఇచ్చాడు. రోజూ ఉదయం ఆరింటికి ఎదుటి కొండను గీయాలి. నిన్నటి బొమ్మ పక్కన పెట్టి, ఏ రాయి కదిలినా చెప్పాలి.

“ఎదుటిదే గీయి. మన వైపు గీయకు. కాగితం వాళ్లకు దొరికితే మన పని అంతే,” అన్నాడు హిందీలో.

నాలుగు నెలలు అలాగే గీశాను.

రేడియో చూసేవాడిది తాండూరుకు అవతల, కర్ణాటకలో సేడం వైపు. సగం కన్నడం, సగం మన తెలుగు. ఫిబ్రవరిలో ఒక ఉదయం, మైనస్ ఇరవై ఆరులో, కిరోసిన్ డబ్బాల కోసం దిగాడు. తొమ్మిదీ నలభైకి బంకరులో నా దగ్గరున్న రేడియో పలికింది.

“గురూ, మలుపు కాడున్న. ఛాయ్ పెట్టు. ఓవర్.”

“పెట్టిన. జల్ది రా. ఓవర్.”

ఆ తర్వాత గరగర. వెనక వాలు మీది మంచు జారింది. పొయ్యి మీద ఛాయ్ మరిగి మరిగి మాడింది. మూడో రోజుకు మంచు కింద శవమై దొరికాడు.

సర్వీసు ముగించుకుని తాండూరు వచ్చాను. భయం నాతోపాటే వచ్చింది. బిడ్డ కవిత ఆరో తరగతి. మధ్యాహ్నం సున్నపురాయి గనుల్లో పేలుడు మందు పేలితే చాలు, బడికి పరుగెత్తి క్లాసులోంచి లాక్కొచ్చేవాడిని. మూడోసారికి టీచరమ్మ చేతులు జోడించింది. ఇక పంపడమే మానేశాను. కాపలా కాస్తున్నానని చెప్పుకున్నాను. నిజానికి వణుకుతున్నాను.

“గిట్లైతే పోరి సదువు ఆగమైతది. దవాఖానకన్న నడువు, లేకుంటే బిడ్డను తీస్కొని మా అమ్మగారింటికి పోత,” అంది నా భార్య. మర్నాడే వికారాబాద్ రైలెక్కించింది.

అక్కడి దవాఖానలో బొమ్మలు గీయించి మనసు నయం చేసే మేడం ఉన్నారు. మందులిస్తారనుకుంటే రంగు పెన్సిళ్లిచ్చారు. ఇదేం పిల్లలాట అని లోపల మండింది. ఏది తోస్తే అది గీయమన్నారు. ఎదుటి కొండ గీశాను. దూరాలు మీటర్లలో వేశాను. ఐదుసార్లు వెళ్లాను. కిటికీలో అనంతగిరి పచ్చగా కనిపిస్తున్నా, ఐదుసార్లూ ఆ తెల్ల కొండే.

ఆరోసారి మేడం ఐదు కాగితాలూ బల్ల మీద పరిచారు.

“అన్నా, గివన్నీ ఒక్క దిక్కే. నీ వెనక ఏముండె?”

“వెనకది గీయొద్దు మేడం. ఆర్డరు.”

“గా ఆర్డరు ఇప్పుడెవరిస్తున్నరన్నా?”

కాగితం తిప్పాను. బంకరు గీశాను. దారి, మలుపు. వాలు దగ్గర చేయి ఆగింది. పారిపోదామనిపించింది. మేడం లేచి తలుపు తెరిచి పెట్టారు. మళ్లీ పెన్సిలు పట్టాను. వాలు పైభాగాన, అడ్డంగా, సన్నని గీత ఒకటి పడింది.

ఆ పగులు వాడు దిగిన ఉదయం నేను చూశాను. నీళ్లకోసం కరిగించడానికి మంచు ఎత్తుతూ చూశాను. నీడేమో అనుకున్నాను. వెనక వాలు నా బొమ్మలోది కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

“చూసిన మేడం. చెప్పలే,” అని ఏడ్చాను. వాడు పోయాక అదే మొదటి ఏడుపు.

నీ తప్పేం లేదని ఆమె అనలేదు. “గందుకే బిడ్డ దారి మీద గూడ గీత ఎతుకుతున్నవన్నా,” అన్నారు. నాకు గనుల చప్పుడంటే కాదు, పగులును చూసీ నీడనుకున్న నా కళ్లంటేనే భయమని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు బండల మీద సుద్దముక్కతో బడి దారి గీశాం, నేనూ బిడ్డా. కుక్కలుండే చోటు, లారీలు మళ్లే చోటు తనే చూపించింది.

“నాకన్నీ ఎర్కనే నాయినా. ఫికర్ చెయ్యకు.”

తెల్లారి బ్యాగు వేసుకుని బయల్దేరింది. నేను గడప లోపలే ఉండిపోయాను. తలుపు పట్టుకుని చూశాను. మలుపు దగ్గర ఆగి చేయి ఊపింది. దాని తల మీదుగా, ఆకాశంలో, ఆ సన్నని గీత కనబడింది. ఇప్పటికీ రోజూ కనబడుతుంది. నేనూ చేయి ఊపి, లోపలికి పోయి ఛాయ్ పెట్టాను.