కొండ మీద ఉన్ని మూట

కొండల్లో అడవి గొర్రెలున్నాయని, ఫొటోలు తీసుకోవచ్చని ఒక కరపత్రంలో చదివి బయలుదేరాను. మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో ఇంజనీరుగా ఉన్న రాములు తోడొచ్చాడు. పాలమూరు కురుమల బిడ్డ. బడి సెలవులన్నీ తండ్రి మంద వెంటే గడిపినవాడు.

మెల్‌బోర్న్‌లో రాత్రి రైలెక్కితే ఉదయం తొమ్మిదికి అడిలైడ్. అక్కణ్నుంచి ఉత్తరానికి ఐదు గంటల బస్సు. ఫ్లిండర్స్ కొండల అంచున చిన్న ఊరు, పబ్బు మీద గది. పరుపు బాగుంది, భోజనం చప్పగా ఉంది. మర్నాడు ఆరున్నరకు వ్యాను, మనిషికి నలభై డాలర్లు. తొమ్మిది మందిమి ఎక్కాం.

ఎనిమిదింటికి కెవిన్ బండి ఆపాడు. డ్రైవరూ గైడూ అతనే. "అదిగో, కొండల రాజు!" అన్నాడు.

రాతిగట్టు మీదున్నది గొర్రె అని పోల్చుకోవడానికే నాకు కొంతసేపు పట్టింది. పెద్ద ఉన్ని మూట. ముఖం కూడా ఉన్నిలో మునిగిపోయింది. మా అలికిడికి బెదిరి ఒక అడుగు వేసి, బండకు కొట్టుకుని ఆగిపోయింది. కెమెరాలు టకటకలాడాయి.

"అన్నా, ఇది అడివిది గాదు," అన్నాడు రాములు. "మందల్నుంచి తప్పిపోయింది. ఏండ్ల సంది బొచ్చు కత్తిరియ్యలే, కండ్లు మూసుకపోయినయ్. ఇట్లనే ఇడిస్తే లోయల వడి సస్తది."

కెవిన్‌ను నిలదీశాను. దాచలేదు. "కత్తిరిస్తే మామూలు గొర్రె అయిపోతుంది, మేట్. దాన్ని చూడ్డానికి మీరొస్తారా?"

ముప్ఫయ్యేళ్లు పత్రికల్లో పనిచేశాను. అబద్ధాలు చాలా చూశాను. ఒక జీవి గుడ్డితనానికి టిక్కెట్టు పెట్టడం మాత్రం ఇక్కడే చూశాను. ఇంకా కోపమేమిటంటే, విన్నవాళ్లెవరూ కెమెరా దించలేదు.

రాములు వాదన పెట్టుకోలేదు. మాతో వచ్చిన ముసలి టీచరమ్మను "ఆంటీ, సిజర్స్ ఉన్నాయా?" అని అడిగాడు. ఆమె చేతిసంచిలోంచి కుట్టుపని కత్తెర తీసిచ్చింది. అతను నాలుకతో మెల్లగా చప్పుడు చేస్తూ గట్టెక్కి, గొర్రెను ఒడుపుగా కూలేసి మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు.

"నా ఫ్రేములోంచి తప్పుకో!" అని అరిచాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

"ఆగరా నాయనా, ముందుగాల దాన్ని సూడనియ్," అన్నాడు రాములు, తెలుగులోనే.

ముఖం మీది ఉన్ని గుత్తులుగా రాలింది. పసుపుపచ్చటి కళ్లు బయటపడ్డాయి. గొర్రె వెలుతురుకు కాసేపు రెప్పలార్పి, మమ్మల్నందరినీ చూసి, అంత బరువుతోనూ రాళ్లు తప్పించుకుంటూ పైకి పరిగెత్తింది.

తిరుగు ప్రయాణంలో ఎవరూ మాతో మాట్లాడలేదు. కెవిన్ మాత్రం హుషారుగానే ఉన్నాడు. ఇకమీదట జనానికి ఏం చూపిస్తావని అడిగాను.

"అవతలి గట్టు మీద ఇంకోటుంది. దానికింకా కళ్లు కనబడుతున్నాయి. ఓ ఏడాది ఆగితే సరి."

వెనక సీటులోని టోపీ ఆయన ముందుకు వంగి, కెవిన్ ఫోన్ నంబరు రాసుకున్నాడు.